నాలుగు లెక్కపెట్టి నీటిని చీల్చే యంత్రం

నీరు అంత తేలిగ్గా విడిపోయే పదార్థం కాదు. మరిగిస్తే ఆవిరవుతుందే తప్ప హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా చీలదు. ఆకు మాత్రం మామూలు ఎండతోనే నీటిని చీల్చి ఆక్సిజన్‌ను వదులుతుంది. దానికోసం ఆకులో ఉన్న యంత్రం పేరు ఫోటోసిస్టమ్-2.

ఈ యంత్రం మొక్కల కంటే చాలా పాతది. పుట్టింది సయనోబాక్టీరియాలో. అవి వదిలిన ఆక్సిజన్ సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో నిలవడం మొదలైంది. తర్వాత ఎప్పుడో ఒక కణం అలాంటి సూక్ష్మజీవిని తనలో కలుపుకుంది. అదే హరితరేణువైంది. మొక్కలకు యంత్రం అలా సంక్రమించింది.

ఆకు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌దేనని చాలాకాలం అనుకున్నారు. 1930ల చివర్లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త రాబర్ట్ హిల్, ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు ఇనుప లవణం అందించి వెలుగులో ఉంచారు. కార్బన్ డయాక్సైడ్ అవసరం లేకుండానే ఆక్సిజన్ వెలువడింది. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తల బృందం బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని శైవలాలకు ఇచ్చింది. బయటికొచ్చిన వాయువులో ఆ బరువే కనిపించింది. మనం పీల్చే ప్రాణవాయువు నీటి నుంచి వచ్చిందే.

ఇక పనితీరు. పత్రహరితం పట్టిన కాంతి శక్తి యంత్రం నడిబొడ్డున ఉన్న పీ680 అనే ప్రత్యేక పత్రహరితానికి చేరుతుంది. అది ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేసి, ఆ లోటును పక్కనున్న మాంగనీసు గుచ్ఛం నుంచి పూడ్చుకుంటుంది. నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ పరమాణువుల అల్లిక అది. కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచే మనిషిలా దానికి లెక్క తప్పదు. నాలుగు ఎలక్ట్రాన్లు పోయాకే రెండు నీటి అణువుల నుంచి ఒక ఆక్సిజన్ అణువును విడుదల చేస్తుంది.

ఈ లెక్కను శాస్త్రవేత్త పియర్ జోలియో బృందం కాంతి మెరుపులతో పట్టుకుంది. చీకట్లో ఉంచిన నమూనాపై వరుసగా మెరుపులు వేస్తే, ఆక్సిజన్ మూడో మెరుపుకు ఎక్కువగా వచ్చింది. ఆపైన ప్రతి నాలుగో మెరుపుకూ పెరిగింది. చీకట్లో గుచ్ఛం అప్పటికే ఒక మెట్టు ఎక్కి ఆగి ఉంటుందని 1970లో బెసెల్ కాక్ వివరించారు. దాని పరమాణు అమరికను 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూపించారు.

నీటి నుంచి తీసిన ఎలక్ట్రాన్లు ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువులోకి చేరతాయి, హరితరేణువులోని పొర లోపల పోగైన ప్రోటాన్ల ఒత్తిడి ఏటీపీ అనే అణువును తయారుచేయిస్తుంది. ఆ రెండింటి శక్తితోనే చక్కెర తయారవుతుంది.

ఇంత బలమైన రసాయన చర్య యంత్రాన్నీ దెబ్బతీస్తుంది. మండుటెండలో దాని డీ1 ప్రోటీన్ అరగంటకే పాడైపోవచ్చు. కణం దాన్ని తీసేసి కొత్తది అమరుస్తుంది. నీటిని చీల్చి హైడ్రోజన్ తీసే మన పరికరాల్లో కొన్నింటికి అరుదైన ఇరిడియం కావాలి. ఆకుకు మాంగనీసు చాలు. అయితే ఆ గుచ్ఛాన్ని అనుకరించడంతోనే మన పని పూర్తికాదు, పాడైన భాగాన్ని ఎప్పటికప్పుడు మార్చుకునే నేర్పునూ ఆకు దగ్గర నేర్చుకోవాలి.