నకలు అదే బీరువాలోనా?

ఫొటోలు క్లౌడ్‌లో దాచుకున్నామంటే అవి మబ్బుల్లో ఉన్నట్టు కాదు. ఏదో ఊళ్లో, డేటా సెంటర్ అనే పెద్ద భవనంలో, వరసగా పేర్చిన కంప్యూటర్లలో ఉన్నట్టు. మరి ఆ భవనమే కాలిపోతే?

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో అదే జరిగింది. అర్ధరాత్రి దాటాక ఓవీహెచ్ సంస్థ అయిదంతస్తుల డేటా సెంటర్ మంటల్లో కాలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మరోచోట నకలు ఉంచుకోనివాళ్ల సమాచారం బూడిదైపోయింది. ‘రస్ట్’ వీడియోగేమ్ ఐరోపా సర్వర్లలో కొన్నింటి డేటా మళ్లీ దొరకనేలేదు.

ఇలాంటి ముప్పు తప్పించడానికే అమెజాన్ తన క్లౌడ్‌ని ‘రీజియన్లు’గా విడదీసింది. ఒక్కో రీజియన్‌లో కనీసం మూడు ‘అవైలబిలిటీ జోన్లు’. ఒక్కో జోన్‌లో ఒకటో అంతకన్నా ఎక్కువో డేటా సెంటర్లు. ఎవరి కరెంటు ఏర్పాట్లు వారివే. ఒకచోట నిప్పంటుకున్నా, వరదొచ్చినా పక్కదానికి తగలకుండా జోన్ల మధ్య కొన్ని కిలోమీటర్ల ఎడం ఉంటుంది. అలాగని వంద కిలోమీటర్లు దాటదు. మరీ దూరమైతే సమాచారం చేరడం ఆలస్యమవుతుంది మరి! 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలైన రీజియన్‌లోనూ మూడు జోన్లున్నాయి. ముంబయి తర్వాత దేశంలో అమెజాన్‌కి ఇది రెండోది.

అయితే ఓ మెలిక ఉంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే ఒక్కో సర్వరూ ఒక్క జోన్‌లోనే ఉంటుంది. మరో జోన్‌లో నకలు కావాలంటే ఆ ఏర్పాటు ఖాతాదారే చేసుకోవాలి. ఇంటి పత్రాల జిరాక్సుని కూడా అదే బీరువాలో పెడితే ఏం లాభం?