పుట్టినతేదీ చూసుకోండి!

జిగణి అనగానే మిత్రులకు గ్రానైటు పలకలు, కార్ఖానాలే గుర్తుకొస్తాయి. ఆదివారం ఉదయం మా వీధికి వచ్చి చూడండి, నాలుగిళ్ళలో సరళీ స్వరాలు వినబడతాయి. ఆ సాధన గడప దాటే దారులే చాలామందికి తెలియవు.

కేంద్ర ప్రభుత్వపు సి.సి.ఆర్.టి. సంస్థ 1982 నుంచి 10-14 ఏళ్ళ పిల్లలకు సంగీతం, నృత్యం, చిత్రలేఖనం వంటి కళల్లో విద్యార్థి వేతనం ఇస్తోంది. ఏటా 3,600 రూపాయలు, గురువుగారి ఫీజుకు సాయం వేరు. బ్యాంకువాణ్ణి కదా, లెక్కవేశాను: నెలకు 300. వీణ తీగలకే సరి! అయినా ఒకసారి ఎంపికైతే 20 ఏళ్ళు నిండేదాకా పొడిగించుకోవచ్చు.

మా అమ్మాయి విషయంలో నేను మేలుకొనేసరికి దానికి 14 దాటాయి. ఊళ్ళోవాళ్ళ డిపాజిట్ల గడువులన్నీ కంఠతా చెప్పేవాణ్ణి, ఈ ఒక్క గడువు చూసుకోలేదు. "నాన్నా, నా డిపాజిట్ మురిగిపోయిందా?" అంటుంది ఇప్పటికీ.

బడి ద్వారా వెళ్ళేది కర్ణాటక వారి ప్రతిభా కారంజి. కారంజి అంటే కన్నడంలో నీటిచిమ్ము. బడి, క్లస్టరు దాటి ఆనేకల్ తాలూకాలో నెగ్గితే ఆపైన జిల్లా, రాష్ట్రం. అందులో తెలుగు కంఠపాఠం కూడా ఉంది సుమండీ! 9 నుంచి 12 తరగతుల వారికి 2015లో మొదలైన కళా ఉత్సవ్ ఉంది.

మీ పిల్లల బడిలో ఈ వారమే అడగండి.