ఆరో పెట్టె తెరిస్తే...

సీతాఫల్‌మండి స్టేషనులో రైలెక్కి కాచిగూడ వైపు వెళితే వరుసగా ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్ స్టేషన్లు వస్తాయి. "మూడో స్టేషనులో దిగు" అని ఇంట్లో చెప్పారనుకోండి. ఎక్కిన స్టేషనును కూడా లెక్కలో కలుపుకొంటే విద్యానగర్‌కు బదులు జామై ఉస్మానియాలోనే దిగిపోతారు! కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు తరచుగా చేసే పొరపాటు కూడా ఇటువంటిదే.

కంప్యూటరు మెమొరీ అంటే నెంబర్లు వేసిన పెట్టెల వరుస. పెట్టె నెంబరే దాని చిరునామా. లోపల ఒక సంఖ్య ఉంటుంది. ఏ పెట్టె ఎప్పుడు తెరుచుకుందో మన కంటికి కనబడదు. అందుకే ఇంజనీర్లు కంప్యూటరు పనిచేసే తీరును అనుకరించే ఒక ప్రోగ్రాము రాస్తారు. దీనినే సిమ్యులేటరు అంటారు. చిప్పు తయారు కాకముందే దాని పనితీరును ఇందులో పరీక్షించవచ్చు.

మనమూ 16 ఖాళీ అగ్గిపెట్టెలతో ఒక సిమ్యులేటరు తయారు చేద్దాం. వాటిమీద 0 నుండి 15 వరకు నెంబర్లు వేయండి. 0 నుండి 7 వరకు పెట్టెల్లో ఆదేశాల చీటీలు ఉంచండి. 8 నుండి 12 వరకు ఐదుగురు విద్యార్థుల మార్కులకు. 13లో విద్యార్థుల సంఖ్య, అంటే 5, ముందే వేసి ఉంచండి. 14లో మొత్తం, 15లో సగటు రావాలి. మీలో ఒకరు యంత్రంగా ఉండాలి. చీటీలో ఉన్నది ఉన్నట్లు చేయడమే తప్ప సొంత తెలివి ఉపయోగించరాదు!

మార్కులు 60, 70, 80, 50, 40. మొత్తం 300, సగటు 60 అని మనకు ముందే తెలుసు. కాని చీటీ రాసిన విద్యార్థి, "8కి 5 కలిపితే 13 కదా" అనుకుని, "8 నుండి 13 దాకా మార్కులు నింపు" అని రాశాడు. వేళ్ళమీద లెక్కపెట్టండి. 8, 9, 10, 11, 12, 13. ఆరు పెట్టెలు! జాబితాలో ఐదుగురి తర్వాత పక్క సెక్షను విద్యార్థి మార్కు 10 ఉంది. అది వచ్చి 13లో పడింది. అక్కడున్న 5 పోయింది. కూడే చీటీ సరిగానే ఉంది కనుక మొత్తం 300 వచ్చింది. దానిని 10తో భాగిస్తే సగటు 30! తరగతి సగటు పాసు మార్కు 35కే అందలేదు.

అందరూ భాగహారం చీటీని అనుమానిస్తారు. అందులో తప్పు లేదు. పొరపాటు జరిగిన చోటు వేరు, బయటపడిన చోటు వేరు. మరి దొంగను పట్టేదెలా?

పెట్టె తెరిచిన ప్రతిసారీ నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: ఎన్నోసారి, ఏ పెట్టె, చదివారా రాశారా, ఏ సంఖ్య. తర్వాత చివరినుండి వెనక్కు చూస్తూ రండి. "6వ సారి, 13వ పెట్టె, రాయడం, 10" అన్న వరుస దొరుకుతుంది. అదే దొంగ!

ఇక కాపలా పెడదాం. పెట్టె నెంబరు 0 నుండి 15 లోపల ఉందా అని చూస్తే చాలునా? చాలదు. 13 నెంబరు పెట్టె ఉన్నదే కదా! మార్కులు రాసేటప్పుడు 8 నుండి 12 లోపలే ఉన్నామా అని కూడా చూడాలి.

ఇది అగ్గిపెట్టెల ఆట మాత్రమే కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన మార్పు వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ ప్రోగ్రాముకు అందినవి 20 అంశాలు. అది లేని 21వ దానిని చదవబోయింది. ఆనాడు మన శంషాబాదు విమానాశ్రయంలో కూడా బోర్డింగు పాసులు చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. లెక్కలో తేడా ఒక్కటే!

ఇప్పుడు మీకొక ప్రశ్న. చీటీలో "8 నుండి 16 దాకా నింపు" అని ఉంటే, 16వ పెట్టె లేదు కనుక యంత్రం ఆగిపోతుంది. ఎన్నోసారి ఆగుతుంది? ఆగేలోపల ఏయే పెట్టెలు పాడైపోతాయి? అగ్గిపెట్టెలతో చేసి చూడండి.