డ్యాష్‌బోర్డు వెనుక ‘టక్‌.. టక్‌’
అమీర్‌పేట: పంజాగుట్ట కూడలిలో సిగ్నల్‌ పడి, అద్దాలు మూసిన కారు ఆగితే డ్యాష్‌బోర్డు వెనుక శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. అమీర్‌పేట వైపు కదలగానే బస్సుల హోరులో కలిసిపోతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. కారణం తెలుసుకోకుండానే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పించి డబ్బు వదిలించుకునేవారూ లేకపోలేదు.

శబ్దం ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆధారం. ఇంజిన్‌ ఆపి, తాళం ‘ఆన్‌’లో ఉంచి బ్లోయర్‌ వేగాన్ని క్రమంగా పెంచాలి. శబ్దమూ పెరిగితే దోషం బ్లోయర్‌దే. చెట్ల కింద నిలిపే కార్లలో ముందు అద్దం దిగువనున్న జాలీ గుండా ఎండుటాకులు చేరి ఫ్యాన్‌ రెక్కలకు తగులుతుంటాయి. మన కార్లలో బ్లోయర్‌ చాలావరకు ఎడమవైపు, గ్లవ్‌బాక్సు వెనుక ఉంటుంది. క్యాబిన్‌ ఫిల్టరూ ఉంటే అక్కడే. దానిని తీసి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఎలుక పెంట, కొరికిన దూది ముక్కలు కనిపిస్తే మాత్రం తీగలన్నీ పరిశీలింపజేయాలి. షార్ట్‌సర్క్యూట్‌ జరిగితే కారే కాలిపోవచ్చు.

ఆటోమేటిక్‌ ఏసీ ఉన్న కార్లలో ఉష్ణోగ్రత మార్చగానే కొద్ది క్షణాలు టక్‌టక్‌మంటే, గాలి దారి మళ్లించే చిన్న మోటారులో ప్లాస్టిక్‌ పళ్లు అరిగాయని అనుమానించాలి. నూనె వేసి ప్రయోజనం లేదు, మార్చాల్సిందే. పాత మారుతీ 800 వంటి వాటిలో కారు వేగంతోపాటు పెరిగే కిచకిచ తరచూ స్పీడోమీటరు కేబుల్‌ది. గుంతల్లోనే గలగలమంటే ముందు గ్లవ్‌బాక్సు ఖాళీ చేసి చూడాలి. చిల్లర నాణేలు చేసే అల్లరి అంతాఇంతా కాదు.

ఫిల్టరు దాటి సొంతంగా విప్పరాదు. 2021 ఏప్రిల్‌ నుంచి కొత్త మోడళ్లలో ముందు సీటు ప్రయాణికుడికీ ఎయిర్‌బ్యాగ్‌ తప్పనిసరైంది. అది ఉండేది గ్లవ్‌బాక్సు పైభాగంలోనే. బ్యాటరీ తీగ తొలగించి, కొన్ని నిమిషాలు ఆగాకే మెకానిక్‌ చేయి పెట్టాలి.