మంచు మీద ఎగరడం మాటలు కాదు!

టీవీలో ఫిగర్ స్కేటింగ్ వస్తుంటే చూపు తిప్పుకోలేం. నెమలికంఠం రంగు గౌనులో ఓ సన్నపాటి అమ్మాయి జర్రున జారుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి గాల్లోకి లేచి, గిర్రున మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతుంది. దిగి చేతులు చాచి నవ్వుతుంది కూడా! "అబ్బ, ఎంత తేలిగ్గా చేసేసిందో" అనుకుంటూ మనం పోపు మాడుతోందని వంటింట్లోకి పరుగెడతాం. ఆ పిల్ల గాల్లో ఉన్నది ముప్పావు సెకను కూడా కాదు. ఆ కాస్త సేపటి కోసం ఎన్నేళ్లు పడుతూ లేస్తూ ఉండాలో మాత్రం టీవీలో చూపించరు.

ఇదంతా నీకెలా తెలుసమ్మా అంటారేమో. మా చెల్లెలు కెనడాలో, టొరాంటో పక్కనున్న మిస్సిసాగాలో ఉంటుంది. దాని కూతురికి ఆరో ఏట నుంచీ ఇదే లోకం. ఇప్పుడు పన్నెండు నిండాయి. ఆమధ్య నేను ఆరు నెలలు వాళ్లింట్లో ఉన్నాను. తెల్లారకుండానే పిల్లతో పాటు రింక్‌కి వెళ్లి, శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చోవడం నా ఉద్యోగం. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, ఆటల సంగతి నాకేం తెలుసు? కానీ పిండి కలిపే చేతిని చూసి రొట్టె ఎలా వస్తుందో చెప్పగలిగిన వాళ్లం కదా మనం. చూడగా చూడగా కొంత పట్టుబడింది.

అన్నిటికంటే ముందు బూటు కింద బ్లేడు సంగతి తెలియాలి. అది కత్తిపీటలా ఒకే అంచున్నది కాదు. దాదాపు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. మధ్యలో పొడుగునా సన్నటి గాడి, దానికి అటొక అంచు, ఇటొక అంచు. ఏ అంచు మీద ఒరిగితే స్కేటు అటువైపు వంపు తిరుగుతుంది. ముందు కొసన రంపం పళ్లలాంటివి ఉంటాయి. వాటిని టో పిక్ అంటారు. జంప్‌లన్నీ ఈ అంచుల్లోంచీ, ఈ పళ్లలోంచీ పుట్టినవే.

ముఖ్యమైన జంప్‌లు ఆరు. టో లూప్, ఫ్లిప్, లట్జ్ అనే మూడింటికి రెండో కాలి పళ్లు మంచులో గుచ్చి పైకి లేస్తారు. సాల్కావ్, లూప్, ఆక్సెల్ అనే మూడింటికి గుచ్చడం ఉండదు, అంచు మీద నుంచే లేవాలి. అయిదింటికి వెనక్కి జారుతూ లేస్తే, ఆక్సెల్ ఒక్కదానికే ముందుకు చూస్తూ లేస్తారు. దిగడం మాత్రం అన్నిటికీ ఒకటే. వెనక్కి జారుతూ, ఒంటికాలి మీద, బయటి అంచున దిగాలి. ముందుకు చూస్తూ లేచి వెనక్కి దిగాలి కాబట్టి ఆక్సెల్‌కి అరచుట్టు ఎక్కువ. సింగిల్ అన్నా ఒకటిన్నర, ట్రిపుల్ అంటే మూడున్నర చుట్లు. అందుకే పిల్లలకి అదంటే హడలు.

ఈ పేర్లలో మూడు మగవాళ్లవే. నార్వే ఆయన ఆక్సెల్ పాల్సన్ 1882లో, స్వీడన్ ఆయన ఉల్రిక్ సాల్కావ్ 1909లో, ఆస్ట్రియా ఆయన అలోయిస్ లట్జ్ 1913లో వాటిని చేసి చూపించారు. మరి ఆడవాళ్లో? 1920లో యాంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి థెరిసా వెల్డ్ ఒక్క చుట్టు సాల్కావ్ వేస్తే, ఆడవాళ్లకి తగని పని అని న్యాయనిర్ణేతలు మందలించారట! లంగా పైకి లేచిందని వాళ్ల బాధ. అయినా ఆవిడ కాంస్య పతకం తెచ్చుకుంది. ఎగిరే ఆడపిల్లకి అడ్డం చెప్పేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

పడటమే మొదటి పాఠం

మొదటి రోజు నేర్పేది జారడం కాదు, పడటం! తలకి హెల్మెట్ పెట్టి, మోకాళ్లు వంచి, తొడ పక్కకి కూలబడి జారిపొమ్మంటారు. వెనక్కి చేతులు ఆనించకూడదు, మణికట్టు విరుగుతుంది. పడ్డాక వేళ్లు పిడికిలి బిగించి దగ్గరికి లాక్కోవాలి, పక్కవాళ్ల బ్లేడు మీదెక్కకుండా. చప్పున లేవాలి. ఇది ఒంటికి పట్టాకే తతిమ్మావన్నీ.

మొదటి జంప్ పేరు వాల్ట్జ్ జంప్. ఎడమకాలి బయటి అంచు మీద ముందుకు జారుతూ, కుడికాలు మెట్టెక్కినట్టు పైకి విసిరి, అరచుట్టు తిరిగి కుడికాలి మీద వెనక్కి దిగడం. (ఎడమవైపుకి తిరిగే పిల్లల లెక్క ఇది. కొందరు కుడివైపు తిరుగుతారు, వాళ్లకి కాళ్లు తారుమారు.) చూడ్డానికి తొక్కుడుబిళ్లలో గడి దాటినంత సులువు. కానీ మోకాలు బాగా వంగితేనే పైకి లేస్తారు. కూచిపూడి నేర్చుకున్న వాళ్లకి అరమండి గుర్తుంటుంది కదూ, ఆ మోకాలి వంపు లేకపోతే నాట్యం కర్ర నడకలా ఉంటుంది. ఇక్కడా అంతే. మా పిల్లని వాళ్ల టీచరు రోజుకి వందసార్లు "మోకాలు, మోకాలు" అనేది. ఇంటికొచ్చి అన్నం కలుపుతున్నా నా చెవుల్లో అదే.

గాల్లో తిరగడం ఎలాగంటారా? ఒప్పులకుప్ప తిరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు. చేతులు చాచి తిరిగితే నెమ్మదిగా, దగ్గరికి లాక్కుంటే జోరుగా తిరుగుతాం. ఇక్కడా పైకి లేచిన మరుక్షణం చేతులు గుండెలకి హత్తుకుని, కాళ్లు మెలేసి, కవ్వంలా సన్నగా నిటారుగా అయిపోవాలి. దిగేముందు మళ్లీ చేతులూ కాలూ చాచేస్తే తిరుగుడు ఆగుతుంది. కొత్త పిల్లలు భయంతో చేతులు ముందే తెరిచేస్తారు. చుట్టు పూర్తవదు, దబ్బున పడతారు. భయపడ్డవాళ్లే ఎక్కువ పడతారు, అదీ చిత్రం.

ఇదంతా మొదట నేల మీదే చేయిస్తారు. మామూలు కాన్వాస్ బూట్లతో చెక్క గచ్చు మీద ఎగరడం, తాడాట, ఒంటికాలి మీద ముప్ఫై అంకెలు లెక్కపెట్టడం. తర్వాత మంచు మీద గాలం కర్రలాంటి పొడుగాటి కర్ర ఒకటి తెస్తారు. పిల్ల నడుముకి పటకా బిగించి తాడు కడితే, టీచరు వెనకాలే జారుతూ సరిగ్గా లేచే సమయానికి కర్ర ఎత్తుతుంది. చేప పైకి లేచినట్టు పిల్ల లేస్తుంది. ఆ కాసేపు పడతానన్న భయం ఉండదు కాబట్టి గాల్లో ఎలా ఉండాలో ఒంటికి తెలుస్తుంది. నాకైతే ఆ కర్ర కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

పిల్ల ఎదిగింది, జంప్ పోయింది

మా పిల్లకి సింగిల్ ఆక్సెల్ రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజు చెల్లెలు నాకు అర్ధరాత్రి ఫోన్ చేసింది. తీరా నేను అక్కడికి వెళ్లేసరికి ఆ ఆక్సెల్ కాస్తా పోయింది! ఏడాదిలో మూడంగుళాలు పొడుగైంది, పెద్దమనిషీ అయింది. బొంగరం పెద్దదైతే దారం చుట్టే చెయ్యి కూడా కొత్తగా నేర్చుకోవాలి కదా. కాళ్లు పొడుగై, నడుము మారేసరికి పాత లెక్కలన్నీ తప్పాయి. పది వేస్తే ఒకటీ నిలవదు.

అప్పటి కోచ్ ఒకాయన "కొంచెం తేలికైతే జంప్ తిరిగొస్తుంది" అన్నాడట. మాట ఆయనకి చిన్నదే. పిల్ల రాత్రి అన్నం మానేసింది. "ఆకల్లేదు పెద్దమ్మా" అనేది. స్కూలుకి పెట్టిన డబ్బా సగం వెనక్కొచ్చేది. మా చెల్లెలు ఆఫీసు హడావుడిలో గమనించలేదు. డబ్బాలు కడిగేది నేను కాబట్టి నాకు తెలిసిపోయింది. ఇంతలో ఇంకోటి, అప్పటికి ఏడెనిమిది నెలలుగా వస్తున్న నెలసరి ఆగిపోయి నాలుగు నెలలైంది.

డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. పడే శ్రమకి సరిపడా తిండి లేకపోతే ఒళ్లు ముందుగా ఆపేసేది నెలసరినే. అది ఆగితే ఎముకలు గుల్లబారడం మొదలు. ఎముక బలం కూడబెట్టుకోవాల్సిన వయసే ఇది. పైగా జంప్ దిగినప్పుడల్లా ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం ఒక్క కాలి మీద పడుతుంది. బలం లేని ఎముకకి వెంట్రుకంత పగుళ్లు రావడానికి ఎంతసేపు? ఆవిడ చెప్తుంటే మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. రష్యా అమ్మాయి యూలియా లిప్నిట్స్కాయా 2014 సోచి ఒలింపిక్స్‌లో పదిహేనేళ్లకే జట్టుతో బంగారు పతకం గెలిచింది. తిండి సహించని ఆ జబ్బుకి చికిత్స చేయించుకుని, 2017లో పంతొమ్మిదేళ్లకే ఆట వదిలేసింది. పసి ఒంటితో గెలిపించి పక్కన పెట్టడం మీద గొడవలు ముదిరాక, 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం పెద్దల పోటీలకి కనీస వయసు పదిహేను నుంచి పదిహేడుకి పెంచాలని తీర్మానించి, రెండేళ్లలో మెట్లు మెట్లుగా అమలు చేసింది. మంచిపనే, నన్నడిగితే ఇంకా ముందే చెయ్యాల్సింది.

జపాన్ ఆవిడ మిడోరి ఇటోని చూడండి. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి, బలమైన తొడలు. 1988లో పోటీల్లో ట్రిపుల్ ఆక్సెల్ వేసిన మొదటి మహిళ ఆవిడే. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి వేసి పడిపోయింది. అదే ప్రదర్శనలో ఆఖర్లో, ఒళ్లు అలిసిపోయాక, మళ్లీ వేసి నిలిచింది! వెండి పతకం. తిండి తినని కాళ్లతో అయ్యే పనేనా అది?

మేం ఏం చేశామంటే, ముందు కోచ్‌ని మార్చారు. కొత్తావిడ రెండు నెలలు ఆక్సెల్ ఊసే ఎత్తలేదు. మళ్లీ వాల్ట్జ్ జంప్, మళ్లీ మోకాలు, మళ్లీ గాలం కర్ర. పిల్ల "బేబీ క్లాసు" అని ఏడ్చింది. ఇంట్లో నేను మినప సున్నుండలు మొదలుపెట్టాను. పెద్దమనిషైన పిల్లకి మన పెద్దలు ఏం పెట్టేవారో అదే. పొట్టు మినప్పప్పు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మరీ మెత్తగా కాకుండా విసిరి, బెల్లం తురుము కలిపి, కాచిన నెయ్యి పోసి ఉండ కట్టడం. రింక్ సంచిలో రెండు వెయ్యడం. ఆకలిగా లేదంటే సరే, సంచిలో ఉంటాయిలే అనడం తప్ప బలవంతం చెయ్యలేదు. డాక్టరమ్మ చెప్పిన పాలూ, గుడ్లూ, ఆహార నిపుణురాలి దగ్గరికి వెళ్లడం అవన్నీ మామూలే. మూడో నెలలో నెలసరి వచ్చింది. నేను బయల్దేరే వారానికి పది ఆక్సెల్స్‌లో నాలుగు నిలుస్తున్నాయి. అయిదోది ఎప్పుడొస్తుందో దానిష్టం.

మరి మన ఊళ్లో?

మన ఎండలకి మంచు గచ్చు ఎక్కడ దొరుకుతుంది! కానీ నాలుగు చక్రాల స్కేట్స్ మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ ఇవే జంప్‌లు, ఇవే పేర్లు. టో పిక్ బదులు ముందు కొసన రబ్బరు బిరడా ఉంటుంది. మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇందులోనే రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డూ అందుకున్నాడు.

మీ పాప సరదా పడితే బూట్లు "రెండేళ్లు వస్తాయి" అని పెద్ద సైజువి కొనకండి. చీలమండ లోపల కదిలితే మడమ తిరుగుతుంది. మోకాలికీ, మోచేతికీ, మణికట్టుకీ కవచాలు, తలకి హెల్మెట్ తప్పనిసరి. మొదటి ఏడాదిలో జంప్ నేర్పేస్తామనే చోటికి కాకుండా, మొదటి వారం పడటం నేర్పే చోటికి పంపండి. డబ్బా ఇంటికొచ్చాక మూత తీసి ఒకసారి చూడండి.