మూగబోయిన రూటరుకు మూడు తీగల వైద్యం

వైఫై రూటరులో కొత్త ప్రోగ్రాము ఎక్కుతుండగా కరెంటు పోయిందనుకోండి. కరెంటు వచ్చాక ఒకటి రెండు దీపాలు వెలుగుతాయి గాని, రూటరు పని చేయదు. అలాంటి పరికరం 'ఇటుక' అయిపోయిందని మెకానిక్కులు అంటారు. ఇక బరువు పెట్టడానికి తప్ప పనికిరాదని దాని అర్థం! మరి అది నిజంగా చచ్చిపోయినట్లేనా?

చాలాసార్లు కాదు. రూటరులోని ఫ్లాష్ మెమొరీలో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము వేరుగా ఉంటుంది. కరెంటు అందగానే ముందుగా లేచి, పెద్ద ప్రోగ్రామును లేపడం దీని పని. సాధారణంగా పాడయ్యేది పెద్దదే. చిన్నది క్షేమంగా ఉంటే, రూటరు లోపలి పలకపై ఉండే సీరియల్ పోర్టు ద్వారా అది మాట్లాడుతూనే ఉంటుంది.

సీరియల్ అంటే వరుసగా అని అర్థం. సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషను మీదుగా గూడ్సుబండి పోవడం చూడండి. ఎన్ని పెట్టెలున్నా ఒకదాని వెనుక ఒకటి ఒకే దారిలో పోతాయి. ఇక్కడా అంతే. 1, 0 అనే సంకేతాలు ఒకే తీగ మీద వరుసగా పోతాయి. చాలా రూటర్లలో వీటి వేగం సెకనుకు 1,15,200. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి 10 సంకేతాలు కావాలి. అంటే సెకనుకు 11,520 అక్షరాలు!

ఈ మాటలు కంప్యూటరుకు చేరాలంటే నడుమ దుబాసీలా యు.ఎస్.బి. సీరియల్ అడాప్టరు ఉండాలి. చిక్కంతా ఇక్కడే. యు.ఎస్.బి. ఇచ్చేది 5 వోల్టులు. చాలా రూటర్ల సీరియల్ పోర్టుకు తగినది 3.3 వోల్టులే. 5 వోల్టుల సంకేతం పంపితే, నిద్రలో ఉన్న రూటరు నిజంగానే చచ్చిపోవచ్చు.

కనుక ముందు అడాప్టరును సవరించాలి. ఉదాహరణకు, ఎఫ్.టి.232ఆర్.ఎల్. అనే చిప్‌లో 4వ కాలుకు ఎన్ని వోల్టులు అందితే, సంకేతాలు అన్ని వోల్టులతో వెలువడతాయి. ఆ కాలును 5 వోల్టుల నుండి విడదీసి, అదే చిప్ 17వ కాలు ఇచ్చే 3.3 వోల్టులకు కలపాలి. కొన్ని అడాప్టర్లలో జంపరు మార్చితే చాలు. లేనివాటికి టంకం వేయాలి. తరువాత పంపే పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటరు 3.3 వోల్టులు చూపితేనే ముందుకు సాగాలి.

ఇక మూడు తీగలు చాలు. గ్రౌండును గ్రౌండుకు కలపాలి. అడాప్టరు పంపే పిన్నును రూటరు వినే పిన్నుకు, రూటరు పంపే పిన్నును అడాప్టరు వినే పిన్నుకు కలపాలి. ఒకరి నోరు మరొకరి చెవికన్నమాట! విద్యుత్తు పిన్నుకు ఏదీ కలపరాదు. రూటరుకు కరెంటు దాని సొంత అడాప్టరు నుండే అందాలి.

అప్పుడు తెరపై బూట్‌లోడర్ మాటలు కనిపిస్తాయి. సకాలంలో మీట నొక్కి దాన్ని ఆపితే, ఆ మోడలుకు తగిన ప్రోగ్రామును మళ్లీ ఎక్కించవచ్చు. 8 మెగాబైట్ల ప్రోగ్రాము ఈ తీగల మీద పోవడానికి కనీసం 12 నిమిషాలు పడుతుంది. అందుకే వీలైనచోట దాన్ని ఈథర్‌నెట్ కేబులు ద్వారా పంపుతారు.

చేసి చూడండి: రూటరు జోలికి పోకుండా, అడాప్టరు పంపే పిన్నును, వినే పిన్నును చిన్న తీగతో కలపండి. టెర్మినల్ ప్రోగ్రాములో టైపు చేసిన అక్షరాలు తిరిగివచ్చి తెరపై కనిపిస్తాయి. తీగ తీసేస్తే ఏమవుతుంది? ఎందువల్ల? ఆలోచించండి. టంకం వేసే పని, రూటరు విప్పే పని మాత్రం తెలిసిన పెద్దల దగ్గరుండే చేయాలి.