డేట్ రాలేదంటే ఏ డేటు?

“డేట్ రాలేదండీ.” ఈ మాట మీ చెల్లెలు మీతో అంటే క్షణంలో అర్థమైపోతుంది, నెలసరి సంగతని. అదే మాట ఆస్పత్రివాళ్ళ చాట్‌బాట్‌కి టైపు చేసి చూడండి. “మీ అపాయింట్‌మెంట్ తేదీ త్వరలో తెలియజేస్తాం” అని ఎంతో వినయంగా జవాబు రావచ్చు! పాపం, దాన్ననుకుని ఏం లాభం? ‘డేట్’ అంటే ఒకటే అర్థమని ఎవరో రాసిపెట్టారు మరి.

అలా రాసిపెట్టే పనే నాది. ఒక స్త్రీల ఆస్పత్రి చాట్‌బాట్‌కి తెలుగు మాటలు కూరుస్తుంటాను. ఏ మాట కనబడితే ఏ జవాబివ్వాలి, ఎంత మర్యాదగా ఇవ్వాలి, ఎక్కడ ఆగిపోయి మనిషిని పిలవాలి... అన్నీ ముందే రాయాలి. ఇప్పుడొచ్చిన కొత్త రకాలు జవాబులు తామే అల్లేస్తున్నాయి, నిజమే. కానీ ప్రాణాలతో పని ఉన్నచోట ముందే రాసి, డాక్టరు చదివి సరేనన్న జవాబే కావాలంటారు మా వాళ్ళు. నేనూ అదే అంటాను.

ఈ విద్యకి పెద్దమ్మలాంటిది ఎలిజా. అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో నాజూకు మాటలు నేర్చుకునే పూలమ్మాయి పేరే దానికి పెట్టారు. కిటుకు చాలా చిన్నది. మనం టైపు చేసిన వాక్యంలో తనకు తెలిసిన మాట కోసం వెతుకుతుంది. ఒక్కో మాటకీ ఒక్కో హోదా. రెండు మూడు దొరికితే పెద్ద హోదా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ‘నా’ అన్నదాన్ని ‘మీ’గా మార్చి, ప్రశ్నగా తిప్పి మనకే అప్పజెబుతుంది. అమ్మ మాటెత్తితే కుటుంబం సంగతులు ఇంకా చెప్పమంటుంది. ఏ మాటా దొరక్కపోతే... ‘ఊఁ, చెప్పండి’ అన్నట్టుగా ఏదో ఒకటి! అరుగుమీద కూర్చుని మన గోడు వినే పక్కింటి పిన్నిగారు చేసేదీ ఇంచుమించు ఇదే కదూ?

అయినా దాని మహిమ చూడండి. ఆ ప్రోగ్రాం తయారవుతుంటే నెలల తరబడి చూసిన సెక్రటరీయే, నాలుగు మాటలు టైపు చేశాక ‘మీరు కాస్త బయటికి వెళ్తారా’ అని ప్రొఫెసర్‌గారిని అడిగిందట. ఈ సంగతి 1976లో ఆయనే తన పుస్తకంలో రాశారు, మురిసిపోతూ కాదు, కలవరపడుతూ.

1972లో స్టాన్‌ఫోర్డ్‌లో మానసిక వైద్యుడు కెన్నెత్ కోల్బీ తయారుచేసిన ‘ప్యారీ’ది ఇంకో స్వభావం. అనుమానం మనిషి. ఎలిజా ఏదడిగినా శాంతంగా తిరిగి ప్రశ్నిస్తే, ప్యారీ ‘మీకెందుకు?’ అన్నట్టు ముడుచుకుపోతుంది. యంత్రానికి గుణమంటూ ఉంటే అది రాసినవాళ్ళ జవాబుల్లోంచి వచ్చిందే.

ఇక మన తెలుగు దగ్గరికొద్దాం. ‘నాకు భయంగా ఉంది’ని ‘మీకు భయంగా ఉందా?’ అని తిప్పడం చిటికెలో పని. ‘నేను విసిగిపోయాను’ అంటే మాత్రం క్రియ తోక కూడా మార్చాలి. ‘అమ్మ’ని వెతకమంటే ‘అమ్మకం’లోనూ దొరుకుతుంది, ‘అమ్మాయి’లోనూ దొరుకుతుంది. పైగా మనం ఒంటి సంగతి సూటిగా చెబుతామా? ‘నెల తప్పింది’, ‘ఒట్టి మనిషిని కాదు’, ‘బయట ఉన్నాను’... గేటు బయటా అని అడిగితే ఏమైపోవాలి! ఈ మాటలు వినని వాళ్ళు జాబితా రాస్తే, అవి వాడే ఆడవాళ్ళకి ఆ యంత్రం చెవిటిదే.

అన్నిటికంటే నన్ను కూర్చోబెట్టిన మాట ‘నొప్పులు’. నొప్పి వేరు, నొప్పులు వేరు. కడుపుతో ఉన్న మనిషి ‘నొప్పులొస్తున్నాయి’ అంటే పురుడు దగ్గరపడిందేమో. నెలలు నిండకపోతే ఇంకా ప్రమాదం. కానీ ఒళ్ళు నొప్పులూ, కాళ్ళ నొప్పులూ ఉన్నాయాయె! అందుకే గర్భిణి అని తెలిసిన చోట ఈ మాటకి పెద్ద హోదా ఇచ్చాం. ఉమ్మనీరు పోయిందన్నా, రక్తం కనబడిందన్నా ఇక ప్రశ్నలుండవు. ఆస్పత్రి నంబరు, 108, అంతే.

డేట్ సంగతికి మా ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. నెలసరా, అపాయింట్‌మెంటా అని ముందు అడగాలన్నది అందరూ ఒప్పుకున్నారు. నెలసరి అయితే తర్వాతి ప్రశ్న ‘పెళ్ళయిందా?’ అని పెడదామన్నారొకరు. నేను కుదరదన్నాను. ఇంటర్ చదివే పిల్ల ఆ ప్రశ్న చూడగానే ఫోన్ మూసేస్తుంది. ‘ఎన్ని రోజులు ఆలస్యమైంది?’ అంటే చాలదూ?

ఆడపేరు పెట్టి, అక్కయ్యలా ముద్దుముద్దుగా మాట్లాడించాలన్న సరదా కూడా వాళ్ళకి లేకపోలేదు. ఆడగొంతు ఉన్న యంత్రాన్ని తిట్టేవాళ్ళూ ఉంటారు. బూతు తిడితే యాపిల్‌వాళ్ళ సిరి సిగ్గుపడుతున్నట్టు బదులివ్వడాన్ని 2019లో యునెస్కో నివేదిక గట్టిగా విమర్శించింది. ఆ నివేదిక వచ్చేసరికే ఆ జవాబు మార్చారు. మా దానికి తిట్లు పడితే సిగ్గూ లేదు, ‘సారీ అండీ’ కూడా లేదు. ‘ఈ మాటలకి ఇక్కడ జవాబుండదు’ అంటుంది.

చివరిగా ‘చచ్చిపోతున్నా’. చాకిరీ చేసి చేసి చచ్చిపోతున్నా, నవ్వలేక చచ్చా... రోజుకి పదిసార్లు అంటాం. ఆ మాట కనబడగానే హడావిడి చేస్తే ఇంకోసారి మన యంత్రంతో ఎవరూ మాట్లాడరు. వదిలేద్దామా అంటే మనసొప్పదు. అందుకని ‘ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?’ అని సూటిగానే అడుగుతుంది. అవునన్నా, ‘బతకాలని లేదు’ అని ముందే రాసినా, తాను యంత్రాన్నని చెప్పేస్తుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఇస్తుంది. ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అదే నిమిషంలో మా డ్యూటీ నర్సు ఫోనుకి కబురు వెళ్తుంది, రాత్రి రెండయినా సరే.